వంతు ఎవరిది?

కీడు గుమ్మం దాకా వచ్చినప్పుడు మనిషి మొట్టమొదట అనే మాట "ఇక్కడ వద్దు" అన్నది. ఈ మాటకు లోకంలో మంచి పేరు లేదు. ఊరికి శ్మశానం కావలెను, కాని మా వీధి చివర వద్దు. ఇంటింటికీ విద్యుత్తు కావలెను, కాని సబ్‌స్టేషను మా మేడ ప్రక్కన వద్దు. మురుగునీరు పోవలెను, కాని అది పోయి చేరే చోటు మా కంటికి కనబడరాదు. ఇట్లా అనేవారిని ఎగతాళి చేయడానికి పాశ్చాత్యులు "నా పెరటిలో వద్దు" అన్న వాక్యంలోని మొదటి అక్షరాలను కూర్చి ఒక పేరునే కల్పించుకొన్నారు. మన భాషలో అట్టి పేరు లేదు గాని, "సొమ్మొకడిది, సోకొకడిది" అన్న సామెత ఆ భావానికి ఎంతో దూరంలో లేదు. అయినను ఒక మాటకు చెడ్డ పేరు వచ్చినంత మాత్రాన అది ఎల్లప్పుడూ చెడ్డమాటే అనుకోవడం తొందరపాటు అవుతుంది. ఎవరు అన్నారు, ఏ నేల మీద నిలబడి అన్నారు, అన్న తరువాత ఏమి చేసినారు అన్న సంగతులు విచారించవలసి ఉన్నది.

ఈ విచారణకు బిలాస్‌పూర్ రైల్వే పట్టణం కంటె అనువైన చోటు దొరకడం కష్టం. అర్పా నది ఒడ్డున ఉన్న పాత ఊరది. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ తన దారిని ఇటుగా వేయడంతో పాత ఊరి ప్రక్కన కొత్త ఊరు లేచినది. ఇంజన్లు, షెడ్లు, యార్డు, పనివారి క్వార్టర్లు, వాటి నడుమ బడి, గుడి, బజారు. ఆ క్వార్టర్లలో తెలుగు మాట చాలా కాలంగా వినబడుతున్నది. రైలు పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరలిపోయిన కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడినవి. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి అయిన తరువాత రాకపోకలు మరింత సులువైనవి. మనుమల తరం వచ్చేసరికి వారి తెలుగులో హిందీ కలిసినది, ఛత్తీస్‌గఢీ కలిసినది. కాని సొంత ఊరు ఏదంటే తాత పుట్టిన ఊరి పేరే చెప్పుతారు.

నేడు ఈ పట్టణంలో రెండు పెద్ద కార్యాలయాలు ఉన్నవి. ఒకటి 2003లో పని ప్రారంభించిన ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం; రెండవది సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ అనే ప్రభుత్వ బొగ్గు సంస్థ ప్రధాన కార్యాలయం. అనగా బొగ్గును తవ్వించే యంత్రాంగమూ, దానిని మోయించే యంత్రాంగమూ ఒకే ఊరిలో కూర్చున్నవి. బొగ్గు మాత్రం ఆ ఊరిలో పుట్టదు. అది సుమారు తొంభై కిలోమీటర్ల దూరాన కోర్బా ప్రాంతపు గేవ్రా, దీప్కా గనులలో పుట్టుతుంది. కాలేది కూడా ఊరి నడుమ కాదు. ఇరవై కిలోమీటర్ల దూరాన సీపత్‌లో 2,980 మెగావాట్ల కేంద్రం ఉన్నది. అక్కడ పుట్టిన విద్యుత్తు ఛత్తీస్‌గఢ్‌తో పాటు మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్, గోవాలకు పోతుంది. గొయ్యి ఒక చోట, పొగ ఒక చోట, దీపం మరెక్కడనో. నడుమ ఉన్న బిలాస్‌పూర్ దారి మాత్రమే. ఐతే దారి కావడం కూడా ఊరకే కాదు. 2022 వేసవిలో విద్యుత్కేంద్రాల వద్ద నిల్వలు తరిగినప్పుడు బొగ్గు బండ్లకు దారి ఇవ్వడానికై ఈ ప్రాంతంలో ప్రయాణికుల బండ్లు అనేకం రద్దు అయినవి. పెళ్లికి పోవలసినవారు, ఆసుపత్రికి పోవలసినవారు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా బొగ్గు ముందుకు సాగిపోయినది.

బిలాస్‌పూర్ తెలుగువారి సొంత ఊళ్ల వైపు ఇప్పుడు చూడవలెను. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర "బీల" అని పిలిచే పల్లపు తడినేల ఉన్నది. కొబ్బరితోటల నడుమ వాననీరు వచ్చి నిలిచే చోటది. చుట్టుప్రక్కల ఊళ్లవారు అందులో చేపలు పట్టుతారు, దాని నీటితో పొలం తడుపుకొంటారు, దాని గట్టున పశువులను మేపుతారు. ప్రభుత్వ కాగితాలలో మాత్రం అది పనికిరాని భూమి. నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం కట్టడానికి ఆ భూమినే కేటాయించినారు. ఊళ్లు వద్దన్నవి. 2009 చివర రిలే నిరాహారదీక్షలు మొదలైనవి. 2010 జూలై 14న పోలీసుల తుపాకులు పేలినవి, గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయినారు. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని కొట్టివేసినది. ఆ ఉత్తర్వు ఒక్క దినం ముందు వచ్చి ఉన్నట్లయితే అన్న ఆలోచన ఈ కథ విన్న ప్రతివానికీ కలుగుతుంది. దానికి సమాధానం చెప్పగలవారు ఎవరూ లేరు. ఏడు నెలలు గడిచినవో లేదో, అదే జిల్లాలో కాకరాపల్లి దగ్గర మరొక బొగ్గు విద్యుత్కేంద్రాన్ని ఎదిరించినవారి మీద 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు జరిగినవి, మళ్లీ ప్రాణాలు పోయినవి. అక్కడిది కూడా చిత్తడినేలయే. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటేటా వచ్చి గూళ్లు కట్టే తేలినీలాపురం అక్కడికి దూరం కాదు.

సోంపేట వారి "వద్దు" స్వార్థమేనా? అప్పట్లో ఆ మాట అన్నవారు లేకపోలేదు. రాష్ట్రంలో కరెంటు కోతలు ఉన్నవి, పరిశ్రమలు రావలెను, పది ఊళ్ల కోసం కోట్లమంది చీకటిలో ఉండవలెనా అని వారి వాదం. ఈ వాదానికి మన దేశంలో పాత అండ ఒకటి ఉన్నది. ఇంటి కోసం ఒకనిని, ఊరి కోసం ఒక ఇంటిని, దేశం కోసం ఒక ఊరిని వదులుకోవలెనన్న నీతి భారతంలో విదురుడు చెప్పినది. సభలలో, ఉపన్యాసాలలో, కొన్నిసార్లు కచేరీలలో కూడా దీనిని ఎంతో ధీమాగా ఎత్తుతారు. ఎత్తేవారు రెండు సంగతులు మరచిపోతారు. ఆ నీతికి నాలుగవ మెట్టు కూడా ఉన్నది. ఆత్మ కోసం భూమినంతటినీ వదలవలెనన్నది ఆ మెట్టు. దానిని ఎవరూ ఎత్తరు. రెండవది ఇంకా ముఖ్యం. విదురుడు ఆ మాటను ఎవరితో అన్నాడు? దుర్యోధనుడు పుట్టినప్పుడు, ఆ బిడ్డ తండ్రి అయిన ధృతరాష్ట్రునితో అన్నాడు. నీ బిడ్డను నీవు వదులుకొమ్మన్నాడు గాని, ఎదుటి ఇంటివాని బిడ్డను తెచ్చి ఇమ్మనలేదు. త్యాగం చేయవలసినవాడు, ఆ మాట వినవలసినవాడు, దానికి ఏడవవలసినవాడు అక్కడ ఒక్కడే. ఆ నీతిని పట్టుకొని రాజధానిలో ఒకడు మరొక జిల్లాలోని ఊరిని వదులుకొంటానంటే అది త్యాగం కాదు. తనది కానిదానిని వదులుకోవడానికి తెలుగులో వేరే మాటలు ఉన్నవి. అవి ఇక్కడ రాయదగినవి కావు.

నిజానికి "ఇక్కడ వద్దు" అన్న ఒక్క మాటలో రెండు వేరువేరు మాటలు దాగి ఉంటవి. బరువు ఎవరో ఒకరు మోయవలసినదే గాని, ఆ ఒకరు నేను కారాదు అన్నది మొదటిది. మీరు చూడనిది ఏదో ఇక్కడ ఉన్నది, వచ్చి చూడండి అన్నది రెండవది. మొదటిది కోరిక, రెండవది సాక్ష్యం. సోంపేట వారు ప్రధానంగా చెప్పినది రెండవది. కాగితంలో బంజరు అని ఉన్నచోట నీరు ఉన్నదని వారు చెప్పినారు. అది వారి ఇష్టాయిష్టాలకు సంబంధించిన సంగతి కాదు. కాలు పెట్టితే తడిసే సంగతి. సాక్ష్యం చెప్ప వచ్చినవానిని బిచ్చమడగ వచ్చినవానిగా చూడడమే అక్కడ జరిగిన మొదటి అపరాధం. తుపాకీ ఆ తరువాత వచ్చినది.

సాక్ష్యం వినడానికి చట్టంలో ఏర్పాటు లేకపోలేదు. ఇట్టి నిర్మాణాలకు ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరపవలెనని 1997 నుంచి నియమం ఉన్నది. 2006 నాటి ప్రకటన దానిని మరింత వివరించినది. ముప్పై రోజులు ముందుగా తెలుపవలెను, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండవలెను, సభ ఆ చోటనో ఆ దగ్గరనో జరుగవలెను. నియమం మంచిదే. కాని చెప్పినదానిని వ్రాసుకొనవలెనని ఉన్నదే గాని, చెప్పినదానికి కట్టుబడవలెనని లేదు. షామియానా వేస్తారు, మైకు పెట్టుతారు, అటూ ఇటూ పోలీసులు నిలబడతారు, మాటలన్నీ మినిట్స్‌లోకి ఎక్కుతవి. ఒడిశాలోని నియమగిరి కొండల విషయంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో వేరొక దారి పట్టినది. గ్రామసభలు ఏమంటవో ముందు తేల్చుమన్నది. పన్నెండు గ్రామసభలు కూడినవి, పన్నెండూ వద్దన్నవి. గని ఆగినది. అడిగే తీరు మారితే వచ్చే జవాబుకు విలువ కూడా మారునని దీనివలన తెలుస్తున్నది.

ఇంతవరకు వద్దన్నవారి పక్షమే చెప్పడమైనది. కాని విషయం ఇంతటితో తేలదు. సోంపేటలో కేంద్రం రాలేదు; సోంపేట ఇళ్లలో దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నవి. అది తప్పు కాదు. ఐతే ఆ వెలుగు ఎక్కడిది? 2013 డిసెంబరు 31న దక్షిణాది విద్యుత్ వ్యవస్థను తక్కిన దేశపు వ్యవస్థతో కలిపినారు. ఆనాటి నుంచి దేశమంతటికీ గ్రిడ్డు ఒక్కటే. చెరువులో కలిసిన నీటిలో ఏ చుక్క ఏ వాగుదో చెప్పలేనట్లే, ఈ దీపంలోని కరెంటు సింహాద్రిదో, తాల్చేరుదో, కోర్బాదో ఎవరూ చెప్పలేరు. లెక్క మాత్రం చెప్పవచ్చు. డెబ్బై అయిదు వాట్ల పంకా పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్ అవుతుంది. దానికి సుమారు అరకిలో బొగ్గు కాలవలెను. మన దేశపు బొగ్గులో నూటికి ముప్పై పాళ్లకు మించి బూడిద ఉండడం మామూలు. అనగా ఒకడు సుఖంగా నిద్రపోయిన ఒక్క రాత్రికి నూట యాభై గ్రాముల బూడిద ఎక్కడనో ఒకచోట, ఎవరి ఊరి ప్రక్కననో, చెరువంత గుంటలోనికి చేరుతుంది. ఆ ఊరివారు కూడా ఒకనాడు వద్దనే అని ఉంటారు. వారి మాట నెగ్గలేదు, అంతే.

కనుక ప్రశ్న బరువు ఉండవలెనా వద్దా అన్నది కాదు. వంతు ఎవరిది అన్నది. ఈ ప్రశ్న భారతంలో ఏకచక్రపురం నాడే వచ్చినది. ఆ ఊరికి పరరాజుల భయం లేకుండా బకాసురుడు కాపలా. కాపలాకు కూలిగా బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకొని వచ్చిన మనిషి. ఇంటింటికీ వంతు. ఆ దేశపు రాజు అసమర్థుడు, పట్టించుకోడు. కథలో బకుని క్రూరత్వాన్నే అందరూ చెప్పుకొంటారు గాని, ఆ ఊరి ఏర్పాటులోని ఒక గుణాన్ని ఎవరూ గమనించరు. అది ఘోరమైన ఏర్పాటే. కాని పక్షపాతం లేని ఏర్పాటు. పేదవాని ఇల్లని రెండుసార్లు రాదు, ధనవంతుని ఇల్లని దాటిపోదు. పాండవులు తలదాచుకొన్న బ్రాహ్మణుని ఇంటికీ వంతు వచ్చినది. తండ్రి నేను పోతానన్నాడు, తల్లి నేను పోతానన్నది, కూతురు నేనన్నది, పుల్ల చేత పట్టుకొని మాటలు రాని పసివాడు నేనన్నాడు. వంతు న్యాయంగా వచ్చినది కనుకనే వారు దానిని తప్పించుకొనే ఆలోచన కంటె, ఎవరు మోయవలెనన్న ఆలోచనయే ఎక్కువ చేసినారు.

నేటి ఏర్పాటులో ఆ గుణం కూడా లేదు. వంతు తిరగదు. ఒకసారి గని వచ్చిన చోటికే రెండవ గని వస్తుంది, గని ఉన్నచోటికే కేంద్రం వస్తుంది, కేంద్రం ఉన్నచోటనే బూడిద గుంట తవ్వుతారు. ఎందుకంటే అక్కడ రైలు మార్గం ఉన్నది, నీటి కాలువ ఉన్నది, భూమి చౌక, అన్నిటికీ మించి అక్కడివారు ఇదివరకే ఒకసారి ఓడిపోయి ఉన్నారు. కోర్బాకు వంతు ప్రతి ఏడూ వస్తుంది. దాని పొరుగున ఉన్న హస్‌దేవ్ అడవి నుంచి 2021 అక్టోబరులో ఆదివాసులు రాయపూర్ దాకా సుమారు మూడువందల కిలోమీటర్లు నడచిపోయి మా అడవి వద్దకు వంతు పంపవద్దన్నారు. ఆ అడవిలో తవ్వే బొగ్గు రాజస్థాన్ విద్యుత్ సంస్థది. 2022 జూలైలో ఛత్తీస్‌గఢ్ శాసనసభ కూడా ఆ బొగ్గు బ్లాకులు రద్దు కావలెనని ఏకగ్రీవంగా తీర్మానించినది. 2023 డిసెంబరులో పోలీసుల కాపలాతో అక్కడ చెట్లు కొట్టినారు.

రైల్వే పట్టణపు కట్టుబడిలోనే ఈ వంతు సంగతి వ్రాసి ఉన్నదని చెప్పవచ్చు. ఆవిరి ఇంజన్ల కాలంలో వెలసిన ఏ రైల్వే కాలనీ చూసినా లోకో షెడ్డుకు దగ్గరగా ఖలాసీలు, ఫైర్‌మన్లు. దూరంగా, చెట్ల నీడన, గాలి వచ్చే దిక్కున దొరల బంగళాలు. పొగ ఎవరింటి మీదికి పోవలెనో ఇంజనీరు పటం గీసేనాడే తేలిపోయినది. ఖలాసీ తల్లి ఆరవేసిన చీర మీద మసి పడితే దులుపుకొన్నది; ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె వద్దనలేదు. అడగకపోవడాన్ని ఒప్పుకోలుగా లెక్క కట్టడం ఆ నాటి నుంచీ అలవాటు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సోంపేట పేరు చెప్పుకొని ప్రతి "వద్దు"నూ నెత్తిన పెట్టుకోరాదు. నగరాలలో మేడలు కట్టుకొన్నవారు మురుగునీటి శుద్ధి కేంద్రం వస్తున్నదంటే జెండాలు పట్టుతారు, సబ్‌స్టేషను అంటే కోర్టుకు పోతారు. వారి అర్జీలో ఆరోగ్యం అని వ్రాసి ఉంటుంది. చాలాచోట్ల వారి మనసులో ఉన్నది స్థలం ధర. అట్టి కేంద్రాన్ని సరిగా కట్టి సరిగా నడిపితే కలిగేది కొంత అసౌకర్యం. బ్రతుకుతెరువు పోదు, ఊరు లేచిపోదు. సరిగా నడుపమని అడిగే హక్కు వారికి నిండుగా ఉన్నది. నడుపుతామన్న మాట మీద అధికారులను నమ్మలేమంటే అదీ అర్థం చేసుకోదగినదే. నమ్మకం పోగొట్టుకొన్నవారు అధికారులే. కాని ఆ మురుగు తమది. దానిని తమ కాలనీ దాటించి, పన్ను కట్టలేని పేట ప్రక్కకు నెట్టమనడంలో సాక్ష్యం ఏదీ లేదు, కోరిక తప్ప. బరువును ప్రక్క ఊరికి తరలిస్తామనగానే చల్లబడే "వద్దు" మొదటి జాతిది. తరలించిన తరువాత కూడా, ఆ ప్రక్క ఊరిలో నిలబడి కూడా, అదే మాట అనగలిగితే అది రెండవ జాతిది. సోంపేటలో వద్దన్నవాడు కాకరాపల్లి కాల్పుల వార్త విని ఏమన్నాడన్నదే అతనికి పరీక్ష.

బిలాస్‌పూర్ క్వార్టరులో ఉండే శ్రీకాకుళపు కుటుంబానికి ఈ పరీక్ష మరింత కఠినం. సొంత ఊరిలో బీల నిలిచినందుకు ఆ ఇంటివారు సంతోషిస్తారు; సంతోషించదగినదే. ఆ ఇంటి జీతం మాత్రం బొగ్గు బండ్ల మీద వస్తుంది. గార్డుగా, పాయింట్స్‌మన్‌గా, యార్డు గుమాస్తాగా ఆ ఇంటివాడు కోర్బా నుంచి వచ్చిన ప్రతి బండికీ దారి ఇస్తాడు. దానికి అతనిని దోషి అనడం అన్యాయం. వంతులు వేసినది అతడు కాదు. కాని దోషం వేరు, ఋణం వేరు. ఏకచక్రపురంలో వంతు పాండవులది కాదు. అయినా కుంతి తన కొడుకును పంపినది. ఆ ఇంటి నీడన ఉన్నాము, ఆ ఇంటివారి మేలు పొందినాము, ఇది తీర్చవలసినది అని ఆమె లెక్క. దోషం లేకుండా ఋణం ఉండవచ్చునని ఆమెకు తెలిసినంతగా మనకు తెలియదు.

బిలాస్‌పూర్ స్టేషనుకూ తీరని ఋణానికీ ఒక పాత సంబంధం ఉన్నది. రవీంద్రుని 1918 నాటి "పలాతక" సంపుటంలో "ఫాఁకి" అనే కవిత ఉన్నది. జబ్బుపడిన భార్యను గాలి మార్పు కోసం తీసుకొని పోతూ భర్త బిలాస్‌పూర్‌లో బండి మారడానికై ఆగుతాడు. అక్కడ రుక్మిణి అనే రైల్వే కూలీ భార్య కూతురి పెళ్లికి డబ్బు లేదని చెప్పుకొంటుంది. ఆమెకు ఇరవై అయిదు రూపాయలు ఇమ్మని భార్య అడుగుతుంది. భర్త సరేనని చాటుగా రెండు రూపాయలిచ్చి పంపివేస్తాడు. భార్య అంతా ఇచ్చినాడనే నమ్మి, ఆ సంతోషంతోనే కన్ను మూస్తుంది. అతడు తిరిగి వచ్చి, ఆ మిగిలిన సొమ్ము ఇవ్వవలెనని స్టేషనంతా వెదకుతాడు. రుక్మిణి ఎవరో ఎవరికీ తెలియదు. తెలిసినవారు ఎక్కడికో వెళ్లిపోయినారంటారు. ఇవ్వడానికి చేతిలో సొమ్ము ఉన్నది, పుచ్చుకొనే మనిషి లేదు.

కోర్బావారి సంగతి అట్లా కాదు. వారి పేర్లు, తండ్రుల పేర్లు, పోయిన పొలాల సర్వే నెంబర్లు భూసేకరణ దస్తరాలలో ఉన్నవి. గనులు నడిపే సంస్థ ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే ఉన్నది. వారు ఉండే చోటికి ఆ స్టేషను నుంచే బండి; దారి తొంభై కిలోమీటర్లు.